గాలం కర్రకు తులాల లెక్క



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం రాసి పంపమని సంపాదకులు కబురు చేసినప్పుడు, నేను డి.ఏ. బకాయిల మీదో, మెడికల్ బిల్లుల మీదో రాస్తానని వారు అనుకొని ఉంటారు. ఆ విషయాలను నాకంటే బాగా రాయగలవారు మన సంఘంలో పదిమంది ఉన్నారు. అందుచేత నేను వేరే దారి పట్టి, సముద్రంలో పెద్ద చేపను పట్టే కర్రను గురించి రాస్తున్నాను. 36 ఏళ్లు కరెంటు స్తంభాలు ఎక్కి దిగినవాడికి చేపల కర్రతో ఏమి పని అని నవ్వకండి. చివరిదాకా చదివితే మన ఉద్యోగానికీ దీనికీ ఉన్న బంధుత్వం మీకే బోధపడుతుంది.

మనవడి ప్రశ్న

మాది వేమూరు. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు మార్గంలో, భట్టిప్రోలుకు ముందు వచ్చే స్టేషను మాది. 1973లో హెల్పరుగా చేరి, వేమూరు, తెనాలి, రేపల్లె సెక్షన్లలో పనిచేసి, 2009లో లైన్ ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేశాను. మా అమ్మాయి కుటుంబం అమెరికాలోని ఫ్లారిడాలో స్థిరపడింది. అక్కడ పుట్టి పెరిగిన మా మనవడికి చేపలు పట్టే సరదా. పట్టి వండుకునే సరదా కాదు, పట్టి తిరిగి నీళ్లలో వదిలిపెట్టే సరదా.

2025 వేసవి రాకముందు ఒక ఆదివారం ఫోనులో అడిగాడు. "తాతయ్యా, ఫ్లై రాడ్ కొనుక్కోవాలి. టార్పన్ చేపకోసం. ఎనిమిదో నంబరు కొననా, పన్నెండో నంబరు కొననా? ఎనిమిది తేలిగ్గా ఉంది, నాకదే బాగుంది. నువ్వు సముద్రం దగ్గరివాడివి కదా, చెప్పు."

మనవడు అడిగితే తెలియదని చెప్పే తాత ఎవడుంటాడు? "వారం ఆగరా, చెబుతాను" అన్నాను. నంబరు అంటే ఆ కర్ర ఎన్ని కిలోల చేపను మోస్తుందో ఆ లెక్క అయి ఉంటుందని నా మనసులో అనుకున్నాను. అది శుద్ధ తప్పని తర్వాత తెలిసింది. వారమనుకున్నది మూడు నెలలు పట్టింది. చదివిన కొద్దీ తవ్విన కొద్దీ చరిత్ర బయటపడింది. దాంతోపాటు నేను మరిచిపోయాననుకున్న ఒక చెయ్యి కూడా గుర్తుకొచ్చింది.

మామయ్య చెయ్యి

మా అమ్మ పుట్టిల్లు రేపల్లె దాటి నిజాంపట్నం పోయే దారిలో ఉండేది. నిజాంపట్నం అంటే నేడు చేపల రేవు గానీ, పూర్వం పెద్ద పేరున్న ఓడరేవు. పెటపోలి అని పిలిచేవారు. 1606లో డచ్చివారు అక్కడ వర్తకస్థానం పెట్టారు. 1611లో ఇంగ్లీషు కంపెనీవారి గ్లోబ్ అనే ఓడ మచిలీపట్నం చేరకముందు ఆగింది అక్కడే. మా చిన్నతనంలో అదంతా మాకు తెలియదు. మాకు తెలిసినది మడ అడవి, బురద, ఉప్పునీటి కాలువలు, వాటిలో తిరిగే పండుగప్పలు.

1962 వేసవి సెలవులకు వెళ్లినప్పుడు నాకు పదకొండేళ్లు. మా మామయ్య వ్యవసాయదారుడు. అయినా కోతలు అయిపోతే పల్లెలోని స్నేహితుని పడవ ఎక్కి గాలం వెయ్యడం ఆయనకు ప్రాణం. ఆ ఏడు ఒక పెద్ద పండుగప్ప ఆయన గాలానికి రెండుసార్లు చిక్కి రెండుసార్లూ దారం తెంపుకొని పోయింది. రేవులో అందరూ నవ్వారు. మామయ్యకు రోషం వచ్చింది. రేపల్లె వెళ్లి పెన్సిలంత మందం జనపతాడు కొనుక్కొచ్చి, "ఇది తెంపమను చూద్దాం" అన్నాడు.

చేప తెంపలేదు. మూడోసారి చిక్కినప్పుడు పట్టు జారకుండా మామయ్య తాడును ఎడమచేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. చేప ఒక్కసారిగా కాలువ మధ్యకు దూసుకుపోయింది. తాడు బిగిసింది. పడవవాడు కత్తితో తాడు కోసే లోపలే రెండు వేళ్ల చివరలు పోయాయి. గట్టున నిలబడి ఆ కేక విన్నాను. ఇప్పటికీ చెవిలో ఉంది.

తర్వాత ఎన్నో ఏళ్లు ఆ చేత్తోనే ఆయన అరక దున్నాడు. ఎవరైనా అడిగితే, "చేపదేం తప్పు? తాడు గట్టిదే, నా బుద్ధే గట్టిది కాదు. తెగే తాడైతే వేళ్లు మిగిలేవి" అనేవాడు. ఆ మాట లోతు నాకు అప్పుడు తెలియలేదు. మనవడి ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఉంటే తెలిసింది.

మనకు కొత్త విద్య కాదు

కర్రకు దారం, దారానికి ఈక కట్టి చేపను మోసగించడం పాశ్చాత్యుల విద్యే. క్రీస్తుశకం 200 ప్రాంతంలో ఏలియన్ అనే రచయిత మాసిడోనియా ప్రజలు ఎర్ర ఉన్ని, కోడి ఈకలు కొక్కేనికి చుట్టి ఈగలాగా చేసి చేపలు పట్టేవారని రాశాడు. వారి కర్ర ఆరడుగులు, దారమూ ఆరడుగులే.

అయితే చేపలవేటను ఒక వినోదంగా, శాస్త్రంగా చూడటం మనవారికీ తెలుసు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో సంస్కృతంలో 'మానసోల్లాసం' అనే గ్రంథం రచించాడు. రాజులు ఆడదగిన వినోదాలలో మత్స్యవినోదానికి ఆయన ఒక అధ్యాయమే కేటాయించాడు. నదిలో ఉండే చేపలు ఏవి, సముద్రంలో ఉండేవి ఏవి, ఏ చేపకు ఏ మేత వేసి మచ్చిక చెయ్యాలి అని వరుసగా చెప్పాడు. 20వ శతాబ్దంలో సుందర్‌లాల్ హోరా అనే ప్రసిద్ధ మత్స్యశాస్త్రవేత్త ఆ అధ్యాయాన్ని పరిశీలించి ఆంగ్లంలో పరిచయం చేశారు. ఆ చాళుక్యుల ఏలుబడిలో వేంగి కూడా కొంతకాలం ఉన్నది కనుక ఇది మనకు పరాయి గ్రంథం కాదు.

మన తీరం చేపలకు తెలుగు పేర్లతోనే ప్రపంచఖ్యాతి తెచ్చినవాడు మరొకడున్నాడు. ఆయన పేరు పాట్రిక్ రస్సెల్. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న వైద్యుడు. పాముల మీద పుస్తకం రాసినవాడు కూడా ఈయనే. విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలతో, వర్ణనలతో ఆయన గ్రంథం 1803లో లండనులో వెలువడింది. అందులో చేపలకు మన మత్స్యకారులు చెప్పిన పేర్లే ఇంగ్లీషు అక్షరాలలో రాశాడు. పార, మాగ, కోనాం, ఇలా. తర్వాత 1851లో బ్లీకర్ అనే డచ్చి పండితుడు వంజరం జాతి చేపకు 'సైబియం కోనాం' అని శాస్త్రీయ నామం కూడా పెట్టాడు. ఇప్పుడు ఆ పేరు వాడుకలో లేదు గానీ, మన పల్లెపడవలోని మాట లాటిను పేరుగా అచ్చయిందంటే గర్వంగా లేదూ?

ఇక కర్ర విషయానికి వస్తే, మద్రాసు రాజధానిలో కలెక్టరుగా పనిచేసిన హెన్రీ సల్లివాన్ థామస్ అనే దొర 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకం ప్రచురించాడు. మన దేశపు నదులలో కర్రతో చేపలు పట్టేవారికి అది చాలాకాలం ప్రామాణిక గ్రంథం. 1887లో చెరువులలో చేపలు పట్టడం గురించి మరో పుస్తకం రాశాడు.

వెదురు నుంచి కార్బన్ దాకా

పూర్వం యూరపులో ఈ కర్రలు రకరకాల చెట్ల చేవతో చేసేవారు. బరువెక్కువ, వంగుడు తక్కువ. 1840ల నడుమ అమెరికాలో పెన్సిల్వేనియాకు చెందిన శామ్యూల్ ఫిలిప్ అనే ఆయన వెదురును సన్నని బద్దలుగా చీల్చి, జిగురుతో మళ్లీ అతికించి కర్ర చేశాడు. తేలిక, వంగుతుంది, వంగినది మళ్లీ నిటారవుతుంది. ఆ తొలిరోజుల కర్రలకు వాడిన వెదురును వారు కలకత్తా వెదురు అనేవారు. అంటే మన దేశపు రేవునుంచి ఎగుమతి అయినదే! మనం దూలాలకూ దడులకూ వాడుకున్న వెదురు అక్కడ దొరల చేతి సరదా కర్ర అయింది. తర్వాత 20వ శతాబ్దంలో చైనా నుంచి వచ్చే టాంకిన్ వెదురు దాని స్థానం ఆక్రమించింది.

రెండవ ప్రపంచయుద్ధం తర్వాత ఫైబర్ గ్లాసు కర్రలు వచ్చాయి. 1973లో ఫెన్‌విక్ అనే అమెరికా కంపెనీ కార్బన్ నారతో చేసిన కర్రను అమ్మకానికి తెచ్చింది. నేను హెల్పరుగా చేరిన సంవత్సరమే అది. ఇప్పుడు దుకాణాలలో దొరికే ఫ్లై రాడ్లలో అధికభాగం కార్బన్‌వే. సాధారణంగా తొమ్మిది అడుగుల పొడవు, చేతిలో పట్టుకుంటే బరువే తెలియదు.

సముద్రపు పెద్ద చేపను కర్రతో పట్టడం కూడా పాత సంగతి కాదు. ఫ్లారిడాలో టార్పన్ చేపను కర్ర, రీలుతో పట్టినట్లు 1885లో వార్త వచ్చినప్పుడు జనం అబ్బురపడ్డారు. 1898లో కాలిఫోర్నియా దగ్గర కాటలీనా దీవిలో చార్లెస్ హోల్డర్ 183 పౌన్ల సూరచేపను కర్రతో పట్టి, ఆ ఏడే ట్యూనా క్లబ్బు స్థాపించాడు. 1953లో పెరూ దేశపు తీరాన ఆల్‌ఫ్రెడ్ గ్లాసెల్ అనే ఆయన పట్టిన నల్ల మార్లిన్ 1,560 పౌన్లు తూగింది. అంటే 700 కిలోలకు పైమాటే. మార్లిన్ అంటే మన తీరంలో కొమ్ముకోనాం అని పిలిచే జాతి. అయితే ఇవన్నీ మందపు కర్రలు, గట్టి దారాలు. ఈకల ఈగతో సముద్రపు పెద్ద చేపను పట్టడం రెండవ ప్రపంచయుద్ధం తర్వాతనే బాగా వ్యాప్తిలోకి వచ్చింది.

నంబరంటే ఏమిటి?

ఇప్పుడు అసలు సంగతి. మనం మామూలుగా గాలం విసిరేటప్పుడు దాని చివర సీసపు గుండు ఉంటుంది. గుండు ముందు పోతుంది, దారం వెనక పోతుంది. ఫ్లై పద్ధతిలో గుండు లేదు. చివర ఉన్నది నాలుగు ఈకలు. ఊదితే ఎగిరిపోతుంది, విసిరితే పోదు. కనుక ఇక్కడ విసిరేది దారాన్నే. దారానికే బరువు పెడతారు. ఆ బరువుకు కర్ర విల్లులాగా వంగి, దారాన్ని తోసి, దారం ఈకను తీసుకుపోతుంది. కాబట్టి కర్ర మీది నంబరు చేప బరువు కాదు, కర్ర బరువూ కాదు. ఆ కర్రకు సరిపోయే దారం బరువు.

ఈ నంబర్లు ఎందుకొచ్చాయో అదొక ముచ్చట. పూర్వం ఈ దారాలు పట్టువి. వాటిని అక్షరాలతో గుర్తించేవారు. ఏ అక్షరానికి ఎంత మందమో అది. అందరిదీ పట్టే కనుక మందం తెలిస్తే బరువు తెలిసేది. 1938లో నైలాను వచ్చింది. మనవాళ్లు తంగూసు అని పిలిచేది దాని సంతానమే. నైలాను పట్టుకంటే తేలిక. అక్షరం అదే, మందం అదే, బరువు మాత్రం వేరు! పాత కర్రకు కొత్త దారం కడితే ముందుకు పోయేది కాదు. జనం గందరగోళపడ్డారు. అప్పుడు అమెరికాలో చేపల పరికరాలు తయారుచేసేవారి సంఘం 1960 ప్రాంతంలో కూర్చొని, మందం మాట వదిలేసి బరువే కొలతగా పెట్టింది. దారం మొదటి 30 అడుగులు తూచాలి. ఆ బరువును బట్టి నంబరు.

ఆ బరువును గ్రెయిన్లలో చెబుతారు. ఎనిమిదో నంబరుకు 210 గ్రెయిన్లు, పదో నంబరుకు 280, పన్నెండో నంబరుకు 380. ఈ లెక్క చూసి నేను తికమకపడితే మా ఆవిడ ఒక్క మాటతో విడగొట్టింది. "గ్రెయిన్లంటే బంగారం తూచేది కాదుటండీ?" అంది. నిజమే! పాత తులం 180 గ్రెయిన్లు. 1833లో కంపెనీ ప్రభుత్వం అలా స్థిరపరిచింది. మన లెక్కలో చెప్పుకుంటే ఎనిమిదో నంబరు దారం ముప్పై అడుగులు తులం మీద మరికొంత. పదో నంబరు తులంన్నర పైచిలుకు. పన్నెండో నంబరు రెండు తులాల పైన. వంద పౌన్ల చేపతో పోరాడే కర్రకు కొలత రెండు తులాలు. విచిత్రం కాదూ?

మన శాఖవారికి ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. మనం వాడిన తీగలకు ఎస్.డబ్ల్యు.జి. నంబరు పెరిగిన కొద్దీ తీగ సన్నబడుతుంది. ఇక్కడ తలకిందులు. నంబరు పెరిగితే దారం బరువెక్కుతుంది, కర్ర బలమెక్కుతుంది.

ఏ చేపకు ఏ నంబరు?

నంబరు ఎంచుకోవడానికి మూడు సంగతులు చూడాలి. మొదటిది ఈక పరిమాణం. పెద్ద చేపకు జానెడు ఈకల బొమ్మ కావాలి. దాన్ని తీసుకుపోవడానికి బరువైన దారం కావాలి. రెండవది గాలి. సూర్యలంక ఒడ్డున మధ్యాహ్నం నిలబడినవారికి సముద్రపు గాలి సంగతి చెప్పనక్కరలేదు. తేలిక దారం ఎదురుగాలికి తిరిగి మొహాన పడుతుంది. మూడవది, అన్నిటికన్న ముఖ్యమైనది, చిక్కిన చేపను లోతు నుంచి పైకి లేపే శక్తి.

ఈ మూడూ కలిపి అనుభవజ్ఞులు స్థూలంగా ఇలా చెబుతారు. లోతులేని నీటిలో తిరిగే నాలుగైదు కిలోల చేపకు ఎనిమిది చాలు. పండుగప్ప, ఓ మాదిరి పార వంటివాటికి తొమ్మిది, పది. టార్పనుకు, అండమాన్, మాల్దీవుల దగ్గర దొరికే పెద్ద పారకు పదకొండు, పన్నెండు. కొమ్ముకోనాం, పెద్ద సూర వంటివాటికి పన్నెండు మొదలు పైకి.

"తేలిక కర్రతో పెద్ద చేపను పడితే గొప్ప కదా తాతయ్యా" అన్నాడు మనవడు. గొప్ప ఎవరికి? తేలిక కర్ర చేపను లేపలేదు. చేప గంటలతరబడి ఈదుతూ అలిసిపోతుంది. వదిలిపెట్టినా కోలుకోక చస్తుంది, లేదా అలిసినదాన్ని సొరచేప పట్టేస్తుంది. ఫ్లారిడాలో టార్పనును చంపి తినడానికి పట్టరు. నలభై అంగుళాలు దాటినదాన్ని నీళ్లలోంచి పైకే తియ్యకూడదని అక్కడి నిబంధన. వదిలిపెట్టడమే ధర్మమైనప్పుడు అది బతికేట్టు వదలాలి గదా! కనుక పెద్ద చేపకు చిన్న కర్ర శౌర్యం కాదు, హింస.

అలాగని అన్నిటికీ పన్నెండే కొనడం కూడా తెలివి కాదు. బరువు దారం రోజంతా విసిరితే భుజం పట్టేస్తుంది. చిన్న చేపకు వంగని కర్ర సన్నదారాన్ని ఒక్క కుదుపుకే తెంపేస్తుంది. నమ్మకం లేకపోతే ఒక పని చెయ్యండి. తొమ్మిదడుగుల వెదురుకర్ర చివర లీటరు నీళ్ల సీసా కట్టి, మొదలు పట్టుకొని అడ్డంగా ఎత్తండి. కిలో బరువే మణికట్టును ఎంత విరుస్తుందో తెలుస్తుంది. కర్ర పొడుగు చేపకు మేలు చేసే మీట. మనిషికి కాదు.

తెగవలసిన చోటు

ఇక్కడే నాకు మన ఉద్యోగం గుర్తుకొచ్చింది.

ఫ్లై పద్ధతిలో చేతినుంచి చేపదాకా ఉన్నది ఒకే దారం కాదు. రీలులో అడుగున వందల గజాల గట్టి దారం. దానికి ముందు బరువైన రంగు దారం. దాని ముందు సాదాగా కనిపించే తంగూసు. ఈకకు దగ్గరగా చేప నోటి ఒరిపిడికి తట్టుకునే చిన్న మందపు ముక్క. వీటి నడుమ ఒక సన్నని ముక్కను బుద్ధిపూర్వకంగా బలహీనంగా ఉంచుతారు. 1939లో ఏర్పడిన అంతర్జాతీయ గేమ్ ఫిష్ సంఘం రికార్డుల కోసం ఫ్లై పద్ధతిలో ఆ ముక్క 20 పౌన్లను, అంటే సుమారు 9 కిలోలను మించకూడదని నియమం పెట్టింది. వెనక దారం 30 పౌన్లదైతే ఈ ముక్క 20 పౌన్లది. రీలు బిగింపు అందులో పావువంతు, అంటే అయిదు పౌన్ల దగ్గర ఉంచుతారు. చేప అంతకు మించి లాగితే రీలు తిరుగుతుంది. ఇంకా లాగితే ఆ సన్నని ముక్క తెగుతుంది. కర్ర విరగదు, వెనక దారం పోదు, మనిషికి ఏమీ కాదు. చేప నోట చిన్న కొక్కెంతో స్వేచ్ఛగా పోతుంది.

ఇదేమిటి? ఫ్యూజు కాదూ!

మనం ఎన్ని ఇళ్లలో చూడలేదు? ఫ్యూజు మాటిమాటికీ పోతోందని గృహస్థు విసుగెత్తి, తీగ మూడు వరసలు మెలిపెట్టి కట్టేవాడు. "ఇక పోదు లెండి" అని సంతోషపడేవాడు. నిజమే, ఫ్యూజు పోదు. పోతే మోటారు పోతుంది, గోడలోని వైరింగు పోతుంది, ఒక్కోసారి మనిషే పోతాడు. ఫ్యూజు బలహీనత కాదు, అది కాపలా అని చెప్పి చెప్పి నా నోరు నొప్పిపుట్టేది. ఇన్ని ఇళ్లలో చెప్పినవాణ్ని, మా మామయ్య పెన్సిలంత తాడు కూడా మెలిపెట్టిన ఫ్యూజేనని డెబ్బై దాటేదాకా గ్రహించలేదు.

గాలం కర్ర నంబరు ఎంచుకోవడమంటే తెగని కర్రను ఎంచుకోవడం కాదని, తెగవలసినది తెగేలోపు చేపను త్వరగా, క్షేమంగా దగ్గరకు తెచ్చే కర్రను ఎంచుకోవడమని నాకు అర్థమైంది. కర్రకు బలం కావాలి, దారానికి తెగే హద్దు కావాలి. రెండిటినీ కలిపి చూసినవాడికే నంబరు తెలిసినట్టు.

పూడిమడక వార్త

ఇదంతా సరదా వేట. పొట్టకోసం వేటాడేవారి సంగతి వేరు. మన ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా అనకాపల్లి జిల్లా పూడిమడకలో, మత్స్యకారులు చిన్న పడవల మీద నడిసముద్రానికి పోయి గాలాలతో పెద్ద సూరచేపలు పడతారు. కర్ర లేదు, రీలు లేదు. దారం, చెయ్యి, అంతే. తెగే దారం కడితే ఆ రోజు కూలి పోతుంది కనుక గట్టి దారమే కట్టాలి. సరదా మనిషికి ఉన్న ఫ్యూజు వారికి లేదు.

2025 జూలైలో ఆ ఊరినుంచి వేటకు పోయిన ఒక యువకుని గాలానికి పెద్ద కొమ్ముకోనాం చిక్కింది. దాన్ని పడవలోకి లాగబోతూ ఉంటే అదే అతణ్ని సముద్రంలోకి లాగేసింది. అతను గల్లంతయ్యాడు. పత్రికలో ఆ వార్త చదివిన ఉదయం నేను కాఫీ తాగలేకపోయాను. మామయ్యకు రెండు వేళ్లతో పోయింది. ఈ బిడ్డకు ప్రాణమే పోయింది.

ఆ రోజే మనవడికి ఫోను చేశాను. రాత్రి అయినా లేపాను. "పదకొండో నంబరు కొనుక్కో. నీ భుజానికి పన్నెండు ఎక్కువ, టార్పనుకు ఎనిమిది తక్కువ. చివర సన్నముక్క ఇరవై పౌన్లకు మించనివ్వకు. దారం చేతికి చుట్టుకోనని నాకు మాటివ్వు" అన్నాను. "ఎందుకు తాతయ్యా, ఏమైంది?" అన్నాడు. మామయ్య కథంతా చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మాటిచ్చాడు.

నెలాఖరులో ఫోను వచ్చింది. గొంతు దిగులుగా ఉంది.

"పోయింది తాతయ్యా. నా ఎత్తుంది. మూడుసార్లు నీళ్లలోంచి ఎగిరింది. పావుగంట పట్టుకున్నాను. తెగిపోయింది."

"ఎక్కడ తెగింది?"

"చివర. నువ్వు చెప్పిన సన్నముక్క దగ్గర."

"కర్ర?"

"బాగానే ఉంది."

"వేళ్లు?"

వాడు నవ్వాడు. "పదీ ఉన్నాయి తాతయ్యా."

"ఇంకేం కావాలిరా" అన్నాను.